ఆడని గేముల్లో ముందు ఏది ఆడాలి

"ఉన్నవన్నీ పూర్తయ్యేదాకా కొత్త గేమ్ ఒక్కటి కూడా కొనను." జనవరి వచ్చిందంటే గేములు ఆడే మా వాళ్ళలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఈసారి మా ఆఫీసు మిత్రుడొకడు అనడమే కాదు, ఎక్సెల్ షీటు కూడా తయారు చేశాడు. స్టీమ్, ఎపిక్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణాల్లో తన ఖాతాల్లో ఉన్న ఆడని గేములన్నీ ఒక కాలమ్‌లో, ఏ గేమ్ పూర్తికావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే హౌ లాంగ్ టు బీట్ సైటులో చూసిన గంటలు పక్క కాలమ్‌లో. వారానికి తనకు దొరికే తీరిక గంటలతో భాగిస్తే, మొత్తం ఏ సంవత్సరానికి అయిపోతుందో కింద కనిపించేలా ఫార్ములా పెట్టాడు. చిన్న గేములు ముందు, పెద్దవి తర్వాత. పూర్తయినదానికి పచ్చరంగు.

కొన్నాళ్ళకి లంచ్ దగ్గర "ఔటర్ వైల్డ్స్ కూడా పచ్చ చేసేశాను" అన్నాడు. నాకు ప్రాణమైన గేమ్ అది. ఎలా ఉందని ఆత్రంగా అడిగాను. మధ్యలో ఒకచోట ఇరుక్కుపోయాడట. అక్కడే వారం గడిచిపోతోందని యూట్యూబ్‌లో వాక్‌త్రూ పెట్టుకుని, మిగతాదంతా అందులో చూపించినట్టు చేసుకుంటూ పోయాడట. "బాగానే ఉంది, కానీ అందరూ అంతగా ఎందుకు పొగుడుతారో అర్థం కాలేదు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. 2019లో వచ్చిన ఆ గేమ్ ఆడినవాళ్ళకు తెలుసు. 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలిపోతాడు, మళ్ళీ మొదటికి వస్తాం. కొత్త ఆయుధాలు రావు, బలం పెరగదు, లెవెల్స్ ఉండవు. పెరిగేదల్లా మనకు తెలిసిన సంగతులే. చివరిదాకా వెళ్ళడానికి కావలసిన సామగ్రి అంతా మొదట్లోనే చేతికి వచ్చేస్తుంది, ఎలా వెళ్ళాలో తెలియదు, అంతే. ఆ తెలుసుకోవడమే గేమ్. దాన్ని ఇంకొకరు చెప్పేస్తే అక్కడ ఆడటానికి ఏమీ మిగలదు. మర్చిపోయాక మళ్ళీ ఆడదామన్నా, అంత తేలిగ్గా మర్చిపోగలిగేది కాదు. షీటులో అది పచ్చగా ఉంది. నా దృష్టిలో మాత్రం నా మిత్రుడు ఆ గేమ్ ఆడనేలేదు, ఇక ఆడలేడు కూడా. ముట్టుకోకుండా ఇంకో పదేళ్ళు లైబ్రరీలో ఉంచినా ఇంత నష్టం జరిగేది కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. బ్యాక్‌లాగ్‌ని, అంటే ఆడకుండా పేరుకుపోయిన గేముల కుప్పని, తగ్గించడం అనేది లక్ష్యంగా పెట్టుకోకూడదు. మన దగ్గర ఉన్న ఆడని గేముల్లో కొన్ని కాలంతో పాటు చేజారిపోతాయి, కొన్ని ఎన్నాళ్ళైనా అలాగే ఉంటాయి. చేజారిపోయేవాటిని ముందు పట్టుకోవాలి. మిగతావి ఎప్పటికీ ఆడకపోయినా ఫరవాలేదు.

పుస్తకాలతో పోలిక ఎందుకు కుదరదు

బ్యాక్‌లాగ్ మాట ఎత్తగానే ఒక ఓదార్పు వినిపిస్తుంది. చదవని పుస్తకాలు ఇంట్లో ఉండటం మంచిదే కదా, గేములూ అంతే, ఉండనివ్వండి అని. వినడానికి హాయిగా ఉంటుంది. పైగా మనం ఒక్కళ్ళమే కాదన్న ధైర్యానికి లెక్కలు కూడా ఉన్నాయి. 2014లో ఆర్స్ టెక్నికా అనే టెక్ వార్తల సైటు వాళ్ళు స్టీమ్ ఖాతాల నుంచి నమూనా తీసుకుని అంచనా వేస్తే, జనం ఖాతాల్లో ఉన్న గేముల్లో దాదాపు 37 శాతం ఒక్కసారి కూడా తెరవనివని తేలింది. 2024కి స్టీమ్‌ని నడిపే వాల్వ్ సంస్థే బయటపెట్టిన లెక్కల్లో ఇంకొకటి ఉంది. స్టీమ్ వాడేవాళ్ళని ఆడిన గేముల సంఖ్యను బట్టి వరుసగా నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఏడాది మొత్తంలో ఆడినవి నాలుగు గేములు. అదే ఏడాది స్టీమ్‌లోకి కొత్తగా వచ్చినవి 18 వేల పైమాటే. అందరూ ఆడిన సమయమంతా కలిపితే అందులో ఆ ఏడాది వచ్చిన గేములకు దక్కింది 15 శాతం. మిగతాదంతా పాత గేముల మీదే గడిచింది. కాబట్టి ఇది ఎవరి సోమరితనమో, ఎవరి దుబారానో కాదు.

అంతవరకు ఒప్పుకుంటాను. పుస్తకంతో పోలిక దగ్గరే నాకు పేచీ. మా తాతయ్య ట్రంకు పెట్టెలో 1950ల నాటి పుస్తకాలు కొన్ని ఉన్నాయి. కాగితం పసుపెక్కింది, అంచులు విరుగుతున్నాయి, అయినా తెరిస్తే చదువుకోవచ్చు. వాటిని అచ్చు వేసిన ప్రెస్సు ఇప్పుడుందో లేదో ఎవరికీ తెలియదు. ఉన్నా లేకపోయినా పుస్తకానికి ఒరిగేదీ తరిగేదీ లేదు. గేముకు అలాంటి నిబ్బరం లేదు.

అందరికీ గుర్తున్న ఉదాహరణ ది క్రూ. 2014 డిసెంబరులో వచ్చిన కార్ల గేమ్. ఒంటరిగా ఆడుకున్నా సర్వర్‌తో కనెక్షన్ ఉండాల్సిందే. 2024 మార్చి 31న దాన్ని విడుదల చేసిన యూబీసాఫ్ట్ సంస్థ సర్వర్లు ఆపేసింది. ఆ తర్వాత కొన్నవాళ్ళ ఖాతాల నుంచి లైసెన్సులు కూడా తీసేసింది. డబ్బు పెట్టి కొని, ఎప్పుడో తీరిగ్గా ఆడదామని దాచుకున్నవాళ్ళకు ఇప్పుడు ఆ 'ఎప్పుడో' లేదు. దాని మీద, కొన్న గేముల్ని ఇలా చంపేయకూడదంటూ రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టిన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం 2025 జూలైలో యూరప్‌లో 10 లక్షల సంతకాలు దాటింది. అంతమందికి కడుపు మండిందంటే ఒక్క కార్ల గేమ్ కోసం కాదు. డిజిటల్‌గా కొన్నదేదీ పూర్తిగా మనది కాదని అప్పటికి అందరికీ తెలిసొచ్చింది. స్టీమ్ కూడా 2024 అక్టోబరు నుంచి డబ్బు కట్టే ముందే చెప్పేస్తోంది, మీరు కొంటున్నది లైసెన్సు అని.

సర్వర్ అక్కర్లేని గేముకు కూడా కింద నేల కదులుతూనే ఉంటుంది. 2019లో యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లకు కాటలీనా అనే కొత్త సిస్టమ్ తెచ్చినప్పుడు 32 బిట్ అనే పాత రకం ప్రోగ్రాములకు మద్దతు ఆపేసింది. ఆ ఒక్క అప్‌డేట్‌తో మ్యాక్ వాడేవాళ్ళ స్టీమ్ లైబ్రరీల్లో ఎన్నో గేములు పేరుకే మిగిలాయి. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8 మీద స్టీమ్‌కి మద్దతు లేదు. పాత కంప్యూటర్‌లో పాత గేములు ఆడుకుందామనుకునేవాళ్ళకు ఆ దారి కూడా ఇరుకైంది.

ఇక్కడ నాకు ఎదురయ్యే బలమైన వాదన ఒకటుంది. గేములు మాయమవుతాయి కాబట్టే ముందుగా కొని పెట్టుకోవాలి కదా అని. స్పెక్ ఆప్స్: ది లైన్ సంగతి చూడండి. 2012 నాటి గేమ్. అందులో వాడిన పాటల లైసెన్సులు ముగియడంతో 2024 జనవరిలో దుకాణాల నుంచి తీసేశారు. ముందే కొన్నవాళ్ళు ఇప్పటికీ దింపుకుని ఆడుకోవచ్చు, కొత్తవాళ్ళు డిజిటల్‌గా కొనలేరు. అంటే ఆడకుండా కొని పడేసినవాడే ఇక్కడ లాభపడ్డాడు. ఈ వాదనకు నేను తలవంచుతాను. ఒక గేమ్ మీద నిజంగా ఇష్టముండి, అది త్వరలో దుకాణంలో ఉండదని తెలిస్తే కొని పెట్టుకోవడం సరైన పనే. గోగ్ అనే దుకాణంలో కొంటే ఇంకా మంచిది, డీఆర్‌ఎం (కాపీ చేయకుండా వేసే డిజిటల్ తాళం) లేని ఇన్‌స్టాలర్ మన హార్డ్ డిస్కులోనే ఉంటుంది. కానీ మన లైబ్రరీల్లో ఇలా జాగ్రత్త కోసం కొన్నవి ఎన్ని? నా లైబ్రరీలో మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

గంటల లెక్క ఎవరిది

ఎక్సెల్ షీట్లతో నాకున్న ఇంకో ఇబ్బంది ఆ గంటల అంకెలు. విచర్ 3 ముఖ్య కథకు దాదాపు 50 గంటలు, పర్సోనా 5 రాయల్‌కి నూరు గంటల చుట్టుపక్కల అని హౌ లాంగ్ టు బీట్ సైటు చెబుతుంది. ఆ అంకెలు అబద్ధం కావు. అయితే ఆ సమయాలు నమోదు చేసినవాళ్ళలో ఎక్కువమంది ఎవరో ఆలోచించాలి. ఇంగ్లీషును ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళ గంటలు అవి అని నా అనుమానం.

డిస్కో ఎలీసియం ఆడుతున్నప్పుడు నాకిది బాగా తెలిసొచ్చింది. 10 లక్షలకు పైగా పదాలున్న గేమ్ అది. అన్నీ ఒకే ఆటలో ఎదురుకావు గానీ, మనం చేసే పని మాత్రం చదవడమే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఉద్యోగంలో ఇంగ్లీషు నేర్చుకున్న నాకు ఆఫీసు మెయిళ్ళ ఇంగ్లీషు వేరు, ఆ గేములో డిటెక్టివ్ మెదడులోని గొంతులు మాట్లాడే ఇంగ్లీషు వేరు. ఒక్కో సంభాషణ రెండుసార్లు చదివాను, పక్కన ఫోన్‌లో నిఘంటువు తెరిచే ఉంచాను. సైటు చెప్పిన గంటలు దాటిపోయినా నేనింకా సగంలోనే ఉన్నాను. దానికి నాకేమీ బాధ లేదు. ఈ మధ్యకాలంలో ఇంగ్లీషులో నేను అంత శ్రద్ధగా చదివింది ఇంకేదీ లేదు. ఆ నెలలో షీటు వెనకబడిందని కంగారుపడి ఉంటే, డైలాగులు దాటేసుకుంటూ హంతకుడెవరో తెలుసుకుని బయటపడేవాణ్ణి. తెలుగులో గేములు దాదాపు లేని పరిస్థితిలో మన గంటలు ఎప్పుడూ ఎక్కువే అవుతాయి. వాటిని ఇంకొకరి గంటలతో కొలుచుకుంటే మనం ఎప్పుడూ వెనకబడినట్టే కనిపిస్తాం.

వాతావరణం సంగతి కూడా ఆ సైటుకు తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో రెండో అంతస్తు గదిలో గేమింగ్ ల్యాప్‌టాప్ మీద రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటిది పెడితే ఫ్యాను హోరుకు డైలాగులు వినపడవు, కీబోర్డు మీద వేళ్ళు పెట్టలేం. కరెంటు పోతే మా ఇన్వర్టర్ దాన్ని మోయదు. కాబట్టి ఎండాకాలంలో చదివే గేములు, చిన్న గేములు, వానలు పడ్డాక బరువైనవి. ఇది నేను పెట్టుకున్న నియమం కాదు, ఊరు పెట్టింది.

చేతులు మారతాయి

సర్వర్ల కంటే ముందు మారిపోయేది ఆడే మనిషి. 2014లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 16 నుంచి 44 ఏళ్ళ మధ్య ఉన్న 3,305 మంది ఆటగాళ్ళు స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధ వ్యూహాల గేమ్ ఆడిన రికార్డులు పరిశీలించారు. తెర మీద కొత్త పరిస్థితి కనబడ్డాక చెయ్యి కదలడానికి పట్టే సమయం 24 ఏళ్ళ నుంచే మెల్లగా పెరగడం మొదలవుతోందని చూపించారు. 24! మనం ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో గ్రాఫిక్స్ కార్డు కొనుక్కునే వయసు అది.

నాకు నలభై దగ్గరపడుతోంది. కప్‌హెడ్ చాలాకాలంగా నా లైబ్రరీలో ఉంది, 1930ల కార్టూన్ల తరహాలో చేత్తో గీసిన ఆ బొమ్మలు చూసే కొన్నాను. ఆడటం మొదలుపెట్టాక తెలిసింది, అది కళ్ళ కోసం కాదు, చేతుల కోసం చేసిన గేమ్ అని. రిటైరయ్యాక ఆడదామని దాచుకోగలిగింది కాదు. దాన్ని ఇప్పుడు, వేళ్ళు మాట వింటున్నప్పుడే ఆడాలి. అందుకే మిగతావాటిని వెనక్కి నెట్టి దాన్ని ముందుకు తెచ్చాను, పోరాడి పోరాడి చివరి బాసుని, అంటే ఆఖరి పెద్ద శత్రువుని, ఓడించాను. ఆ రాత్రి కలిగిన సంతోషం ఇంకో పదిహేనేళ్ళ తర్వాత నాకు అందుతుందని నమ్మకం లేదు.

అయితే అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. వయసు పెరిగిన ఆటగాళ్ళు వేగం తగ్గినా వేరే దారుల్లో సర్దుకుంటున్నారు, తక్కువ శ్రమతో పని జరిగే పద్ధతులు ఎంచుకుంటున్నారు. గేములు చేసేవాళ్ళు కూడా ఈ విషయం గుర్తిస్తున్నారు. 2018లో వచ్చిన సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ పెట్టి ఆట వేగాన్ని తగ్గించుకోనిచ్చారు. కాబట్టి చేతుల గేములన్నీ ముసలితనానికి ముందే ముగించాలని నేను అనడం లేదు. కష్టంతో ఢీకొనడమే ఆనందమైన గేములు కొన్ని ఉన్నాయి, వాటికి మాత్రం మన దగ్గర ఉన్న కాలం తక్కువ.

ఎవరితో ఆడాలో వాళ్ళు ఉన్నప్పుడు

నా వాదనలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. కొన్ని గేములు మన లైబ్రరీలో ఉన్నా, అవి ఇంకొకరితో ముడిపడి ఉంటాయి. ఆ మనిషి తీరిక మన చేతిలో ఉండదు.

ఇట్ టేక్స్ టూ 2021లో వచ్చినప్పుడే తమ్ముడితో ఆడదామని కొన్నాను. ఒంటరిగా ఆడటానికి వీల్లేని గేమ్, ఒకరు కొంటే రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా కలవొచ్చు. వాడు డాలస్‌లో ఉంటాడు. ఏదో ఒక పండక్కి మొదలుపెడదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచాయి. ఒకరోజు ఫోన్‌లో మరదలికి నెల తప్పిందని చెప్పాడు. ఆనందం పంచుకోవడం అయ్యాక నేను అడిగిన రెండో ప్రశ్న, "ఒరేయ్, ఆ గేమ్ ఎప్పుడు ఆడదాం?" వాడు నవ్వలేదు. "ఈ వారమే అన్నయ్యా" అన్నాడు. ఇద్దరికీ తెలుసు, పాప పుట్టాక ఆ శుక్రవారం రాత్రులు వాడివి కావు.

నాకు శనివారం పొద్దున ఏడున్నర, వాడికి ముందురోజు రాత్రి తొమ్మిది. వాడు డిన్నర్ అయ్యాక, నేను కాఫీ పట్టుకుని. విడాకులు తీసుకోబోతున్న భార్యాభర్తలు బొమ్మలుగా మారిపోయి, తిరిగి మనుషులు కావడానికి కలిసి కష్టపడే కథ. మధ్యలో వాళ్ళ కూతురికి ఇష్టమైన ఏనుగుబొమ్మ ఘట్టం వస్తుంది, ఆడినవాళ్ళు ఎవరూ మర్చిపోరు. ఆ బొమ్మ వద్దు వద్దని బతిమాలుతుంటే ఇద్దరూ కలిసి దాన్ని ఈడ్చుకెళ్ళాలి. తమ్ముడు కంట్రోలర్ కింద పెట్టేశాడు. "నేను చెయ్యను అన్నయ్యా, నువ్వే కానివ్వు." నేనొక్కణ్ణే చేస్తే కుదరదు, గేమ్ ఇద్దర్నీ నొక్కమంటుంది. చాలాసేపు ఇద్దరం ఏమీ చేయకుండా కూర్చున్నాం. ఆ సమయంలోనే వాడు, తండ్రి కాబోతున్నందుకు తనకున్న భయాలు చెప్పాడు. మామూలు వీడియో కాల్‌లో మేమెప్పుడూ అంత దూరం వెళ్ళలేదు. ఇప్పుడు వాడింట్లో పాప ఉంది. వాడు రాత్రి తొమ్మిదికల్లా నిద్రపోతున్నాడు, పోవాలి కూడా.

వెన్బా విషయం కూడా ఇలాంటిదే. 2023లో టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసిన చిన్న గేమ్, గంటన్నరలో అయిపోతుంది. 1980ల్లో కెనడా వెళ్ళిన తమిళ కుటుంబం కథ. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో చెరిగిపోయిన భాగాలను మనమే ఊహించి వండాలి. చిన్నది కాబట్టి షీటు పద్ధతిలో అయితే ఎప్పుడో ఒక రాత్రి అవగొట్టేసేవాణ్ణి. అమ్మ తెనాలి నుంచి వచ్చేదాకా ఆపాను. మొదటి వంట ఇడ్లీ. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చాలన్నదే అక్కడ పజిల్. నేను మౌస్‌తో తంటాలు పడుతుంటే వెనకనుంచి అమ్మ, "అట్టా పెడితే ఆవిరి పైకెట్టా పోయిద్దిరా? గుంట మీద గుంట రాకుండా తిప్పు" అంది. జీవితంలో ఎప్పుడూ వీడియో గేమ్ ముట్టుకోని మనిషి, నాకంటే ముందు పజిల్ విప్పింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని చివరిదాకా చూసింది. ఇంగ్లీషు మాటలు నేను తెలుగులో చెబుతూ పోయాను. కొడుకు అమ్మ భాషకు దూరమయ్యే భాగాలు వచ్చినప్పుడు మాత్రం నేను చెప్పకపోయినా ఆమెకు అర్థమైంది, డాలస్‌లో ఉన్న మనవరాలు ఏ భాష మాట్లాడుతుందని అడిగింది.

మా అబ్బాయి కోసం మెషినేరియం పక్కన పెట్టాను. 2009 నాటి చెక్ గేమ్. పాత్రలు మాటలతో మాట్లాడవు, చెప్పాలనుకున్నది తల పక్కన బుడగలో బొమ్మలుగా కదులుతుంది. ఇంకా ఇంగ్లీషు చదవడం రాని పిల్లవాడికి ఇంతకంటే మంచి పజిల్ గేమ్ నాకు తెలియదు. వాడికి చదవడం వచ్చేసి, మైన్‌క్రాఫ్ట్ దారి పట్టాక దీన్ని వాడు ఈ కళ్ళతో చూడడు.

ఇదీ తొందరే కదా

ఈ వాదన మొత్తంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టే సందేహం ఒకటుంది. 'చేజారిపోతుంది, ఇప్పుడే ఆడు' అనడం, స్టీమ్ సేల్‌లో 'రెండు రోజులే ఉంది, ఇప్పుడే కొను' అనడం ఒకటే కాదా? ఆ భయంతోనే కదా ఇన్ని గేములు పోగేశాం, మళ్ళీ అదే భయంతో ఆడటం ఏం బాగుంటుంది?

నేను ఆలోచించినంతవరకు రెండింటికీ తేడా ఉంది. సేల్ గడువు దుకాణం పెట్టింది. సమ్మర్ సేల్‌లో తప్పిపోయిన ధర వింటర్ సేల్‌లో మళ్ళీ వస్తుంది, చాలాసార్లు ఇంకా తగ్గి వస్తుంది. తమ్ముడి శుక్రవారాలు మళ్ళీ రావు, కనీసం ఆ రూపంలో రావు. ఒక గడువు కల్పితం, ఒకటి నిజం. కల్పిత గడువులకు అలవాటుపడిపోయి నిజమైనవాటిని పట్టించుకోకపోవడమే మన లైబ్రరీల అసలు సమస్య అని నాకనిపిస్తుంది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కాపీ సీడీలు కొనుక్కుని వైస్ సిటీ ఆడిన తరం మాది. 2015 నవంబరులో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టినప్పుడు మొదటిసారి దొరలాగా కొనుక్కున్నాం. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, ఎపిక్ జీటీఏ 5 ఉచితంగా ఇస్తే అర్ధరాత్రి దాకా కూర్చుని క్లెయిమ్ చేసుకున్నాం. చిన్నప్పుడు దొరకనిది ఇప్పుడు చేతికి అందుతోందన్న ఆనందం అందులో ఉంది, దాన్ని తక్కువచేసి మాట్లాడటం నాకిష్టం లేదు. అయితే ఆ ఆనందం కొన్నప్పుడే తీరిపోయింది. డబ్బు పెట్టాం కాబట్టి ఆడాలి అనుకోవడంలో అర్థం లేదు. ఆడినా ఆ డబ్బు తిరిగి రాదు, ఆడితే పోయేది ఇంకొన్ని సాయంత్రాలు.

'పూర్తిచేయడం' మీద కూడా మనకు అనవసరమైన పట్టుదల ఉంది. ఎండాకాలం సెలవుల్లో అరుగు మీద అష్టాచెమ్మా ఆడిన ఎవరూ దాన్ని పూర్తిచేశామని చెప్పుకోలేదు, ఆడుకున్నాం అన్నారు. కథ ఉన్న గేముకు ముగింపు ఉంటుంది, నిజమే. కానీ చచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి మొదలయ్యే హేడీస్ లాంటిదాన్ని రోజుకో ప్రయత్నంగా ఆడుకుని, ముగింపు చూడకుండా వదిలేసినవాడు ఏమీ కోల్పోలేదు. అలాగే ఒక సాయంత్రం దాని పద్ధతిలో దానికి సమయం ఇచ్చి, మనకు పడలేదని తెలిస్తే మూసేయడం కూడా ఆడినట్టే. రెండు గంటల లోపు ఆడి, కొని 14 రోజులు దాటకపోతే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. కొన్న వారంలోనే తెరిచి చూసే అలవాటు చేసుకుంటే సగం కుప్ప పుట్టదు.

తమ్ముడికి ఇదంతా చెబితే వాడొక లోపం పట్టుకున్నాడు. "మరి విచర్ 3 ఏమవుతుంది అన్నయ్యా? దానికి సర్వర్ అక్కర్లేదు, గోగ్‌లో కొన్నావు కాబట్టి ఎవరూ తీసేయలేరు. నీ చేతులు ఎంత నెమ్మదించినా ఈజీ మోడ్‌లో ఆడొచ్చు. తోడు ఎవరూ అక్కర్లేదు. నీ లెక్కలో అది ఎప్పుడూ ఆఖర్నే ఉంటుంది. మంచి గేమ్ గట్టిగా ఉన్నందుకు శిక్షా?" నిజమే, నా పద్ధతిలో అది పెద్ద కంత. గట్టిగా నిలబడేవి ఎప్పుడూ వెనక్కి పోతాయి, నాకు మాత్రం వాటి మీద ఇష్టం లేక కాదు.

దానికి నేను చేసుకున్న సర్దుబాటు ఒకటే. ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ రెండే గేములు ఇన్‌స్టాల్ చేసి ఉంచుతున్నాను, ఒకటి చేజారిపోయే రకం, ఒకటి నిలిచే రకం. వానలు మొదలయ్యాక విచర్ 3 దింపాను. కథలో వెలెన్ అనే ప్రాంతంలో ఉన్నాను, బ్లడీ బ్యారన్ అనే పాత్ర భార్యాకూతుళ్ళ కోసం వెతుకుతున్నాను, మ్యాప్ నిండా ఉన్న ప్రశ్నార్థకాల జోలికి పోవడం లేదు. ఆదివారం రాత్రులు మాత్రమే ఆడుతున్నందువల్ల ప్రతిసారీ ఏ బటన్ ఏం చేస్తుందో కాసేపు గుర్తు తెచ్చుకోవాల్సి వస్తోంది. బ్యారన్ కథ అయ్యాక ఆపాలనిపిస్తే ఆపేస్తాను. పర్సోనా 5 రాయల్‌ని మాత్రం ఆలోచించి, లైబ్రరీలో కంటికి కనబడకుండా దాచే హిడెన్ జాబితాలోకి మార్చేశాను. నూరు గంటలు అడిగే ఆ గేముకు ఇవ్వగలిగిన రోజులు నాకు ఇప్పుడు లేవు, పిల్లవాడు పెద్దయ్యాక ఉండొచ్చు.